నంది కొండ దిగుతూ మలుపు తప్పబోయాను: గుంపుతో వెళ్తూ బండి నడపడం మెరుగుపరుచుకోవడం ఎలా?

తొలిపొద్దు (మారతహళ్లి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా. ఉద్యోగం కోసం వచ్చి ఆరేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను. మా కార్యాలయంలోనూ చుట్టుపక్కల కార్యాలయాల్లోనూ పనిచేసే తెలుగువాళ్లం తొమ్మిది మందిమి కలిసి, ఏడాదిగా నెలకు రెండు ఆదివారాలు బండ్ల మీద ఊరు దాటి తిరిగివస్తున్నాం. తెల్లవారుజామున అయిదింటికి హెబ్బాళ్ దాటాక ఒక పెట్రోలు బంకు దగ్గర కలుసుకుంటాం. నంది కొండకో, చిక్కబళ్లాపురానికో, తీరిక ఉంటే బాగేపల్లి మీదుగా లేపాక్షికో వెళ్లి, దారిలో ఇడ్లీలు తిని, ఎండ ముదరకముందే ఇళ్లకు చేరతాం. వారమంతా తెరల ముందు కూర్చునే మాకు ఆ నాలుగైదు గంటలు ఎంత విలువైనవో ఈ వేదికలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. బాగేపల్లి దగ్గరపడి హోటళ్లలో తెలుగు మాటలు వినబడుతుంటే సగం ఊరికి వెళ్లినట్లే ఉంటుంది.

మొన్నటి ఆదివారం నంది కొండ దిగుతున్నప్పుడు జరిగిన సంగతి నన్ను వదలడం లేదు. ముందున్న నలుగురూ వేగంగా దిగిపోయారు, నేను అయిదోవాడిని. వాళ్లు కనబడకుండా పోతే కింద ఎటు మళ్లారో తెలియదన్న ఆదుర్దాతో, ముందు బండి వెనుక లైటునే చూస్తూ నా అలవాటుకు మించిన వేగంతో దిగుతున్నాను. కుడివైపు తిరిగే ఒక మలుపులో ఆ లైటు హఠాత్తుగా పక్కకు తప్పుకుంది. అంతవరకు నేను మలుపును చూడనే లేదు. ఎదురుగా రోడ్డు అంచున అడ్డుగోడ కనబడింది. కన్ను దాని మీదే నిలిచిపోయింది, బండి కూడా సరిగ్గా దాని వైపే వెళ్లింది. భయంతో వెనుక బ్రేకును బలంగా తొక్కాను. పైనుంచి కొట్టుకొచ్చిన ఇసుక అక్కడ పలుచగా పరుచుకుని ఉంది, వెనుక చక్రం జారి పక్కకు వచ్చింది. ఎలా ఆగానో నాకే తెలియదు. దిగి చూస్తే ముందు చక్రానికీ గోడకూ మధ్య జానెడు దూరం కూడా లేదు. నాది పాత బండి, 2016లో తయారైన 350 సీసీది, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేదు.

కింద అందరూ నా కోసం ఆగి ఉన్నారు. ఆలస్యం ఎందుకైందని అడిగితే ఫోను వచ్చిందని చెప్పాను. ఇంట్లో కూడా చెప్పలేదు. ఇక్కడ చెప్పడానికి కారణం, మళ్లీ అలా జరగకూడదన్న పట్టుదల. నేను ఈ బృందాన్ని మానుకోవాలా? మానుకోకుండా, ఎవరికీ భారం కాకుండా నా నైపుణ్యాన్ని పెంచుకునే మార్గం ఉందా? పదో తరగతి చదివేటప్పుడు మామయ్య దగ్గర బండి నేర్చుకున్నాను, ఆ తరువాత ఎవరూ నాకు ఏదీ నేర్పలేదు. అనుభవజ్ఞులు దయచేసి వివరంగా చెప్పగలరు.

కోలారు బాటసారి

తొలిపొద్దు గారూ, ముందుగా మీరు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. జరిగినది దాచకుండా రాసినందుకు కృతజ్ఞతలు. నేను పద్నాలుగేళ్లుగా గుంపులతో వెళ్తున్నాను. మీరు వర్ణించిన మలుపును మేము వేర్వేరు కొండల మీద వేర్వేరు పేర్లతో చూశాం, మాలో కొందరు మీలాగా గోడకు ఇవతల ఆగలేకపోయారు.

మీ కథనంలో నన్ను ఆపిన మాట ఇసుక గురించినది కాదు, బ్రేకు గురించినది అంతకంటే కాదు. "కనబడకుండా పోతే ఎటు మళ్లారో తెలియదు" అన్న మాట. మీ వేగాన్ని ఆ రోజు నిర్ణయించినది మీ చేతిలోని ఆక్సిలరేటరు కాదు, దారి తప్పుతానేమోనన్న ఆదుర్దా. కాబట్టి మీ ఒక్కరి నైపుణ్యం పెరిగినంత మాత్రాన ఈ సమస్య తీరదు. రేపు మీరు బాగా నడపడం నేర్చుకుంటే ఆ అయిదో స్థానంలోకి ఇంకొకరు వస్తారు. మీ బృందం నడిచే పద్ధతి మారాలి.

మేము పాటించే పద్ధతి చెబుతాను. ముందు నడిచేవారిని లీడ్ అని, చివర నడిచేవారిని స్వీప్ అని అంటారు. ఈ ఇద్దరూ దారి తెలిసినవారై, తొందరపడని స్వభావం గలవారై ఉండాలి. దారి మళ్లే ప్రతి చోటా లీడ్ తన వెనుక ఉన్న రెండో బండికి సైగ చేస్తారు. ఆ వ్యక్తి అక్కడ రోడ్డు పక్కన సురక్షితమైన చోట ఆగి, మిగిలినవారందరికీ దారి చూపించి, స్వీప్ రాగానే ఆయనకు ముందు చేరి బయలుదేరతారు. అప్పటికి మూడో బండి రెండోది అవుతుంది, తరువాతి మలుపు దగ్గర నిలబడే బాధ్యత వారిది. ఈ ఏర్పాటు ఉంటే ముందు బండి కనబడకపోయినా ఎవరూ కంగారుపడరు, ఎందుకంటే దారి మారే చోట మనిషి నిలబడి ఉంటాడని అందరికీ తెలుసు. మనిషి కనబడలేదంటే నేరుగా వెళ్లాలి, అంతే. ఘాట్ దిగేటప్పుడు ఇద్దరి మధ్య కిలోమీటరు దూరం వచ్చినా ఎవరికీ నష్టం లేదు. మా బృందంలో వెంటపడి నడపడం తగ్గినది ఈ ఒక్క ఏర్పాటుతోనే, ఉపదేశాలతో కాదు.

కొత్తవారినీ నెమ్మదిగా నడిపేవారినీ చివరన వదిలేయడం చాలా బృందాలు చేసే పొరపాటు. పొడుగాటి వరుసలో ముందున్నవారు గంటకు అయిదు కిలోమీటర్ల వేగం పెంచినా, ఏర్పడిన ఖాళీని పూడ్చుకోవడానికి చివరివారు అంతకంటే చాలా ఎక్కువ వేగంతో రావలసి వస్తుంది. మేము నెమ్మదైనవారిని లీడ్ వెనుకనే ఉంచుతాం, లీడ్ అద్దంలో వారిని చూస్తూ వేగాన్ని సరిపెట్టుకుంటారు.

దూరం గురించి కూడా కొంచెం లెక్క చెప్పనివ్వండి, ఎందుకంటే లెక్క తెలిశాక దగ్గరగా నడపడానికి నాకు చేతులు రాలేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు వెళ్తుంది. ప్రమాదాన్ని కన్ను చూసి, వేలు బ్రేకు మీదికి వెళ్లేసరికి సుమారు ఒక సెకను గడుస్తుంది. అంటే బ్రేకు పడకముందే 22 మీటర్లు అయిపోయాయి. అందుకే ముందు బండికీ మనకూ కనీసం రెండు సెకన్ల ఎడం ఉండాలంటారు. ముందు బండి ఏదో ఒక స్తంభాన్ని దాటగానే "నూట ఒకటి, నూట రెండు" అని మామూలుగా లెక్కపెట్టండి. ఆ మాటలు పూర్తికాకముందే మీరు స్తంభం దగ్గరికి వచ్చేస్తే మీరు మరీ దగ్గరగా ఉన్నట్లు. వానలోనూ, చలికాలం దేవనహళ్లి దగ్గర కమ్ముకునే మంచులోనూ రెండు సెకన్లు ఏమాత్రం చాలవు.

44వ నంబరు జాతీయ రహదారి వంటి వెడల్పయిన రోడ్డు మీద అటూ ఇటూ మార్చి నడవవచ్చు. లీడ్ తన వరుసలో కుడివైపు, రెండోవారు ఒక సెకను వెనుకగా ఎడమవైపు, మూడోవారు మళ్లీ కుడివైపు ఉంటారు. తన సూటికి ముందున్న బండితో రెండు సెకన్ల ఎడం ఎప్పుడూ ఉంటుంది. పక్కపక్కనే జంటగా మాట్లాడుకుంటూ నడపడం మాత్రం ఎప్పుడూ కూడదు, గుంత వస్తే తప్పుకోవడానికి ఇద్దరికీ చోటు ఉండదు. మలుపులు, ఇరుకు దారి, పాడైన రోడ్డు వచ్చాయంటే వెంటనే ఒకే వరుసలోకి మారాలి. లారీని దాటేటప్పుడు ఎవరి కళ్లతో వారు ఎదుటి రోడ్డు చూసుకోవాలి. ముందువారు వెళ్లారు కదా అని వెంట వెళ్లకూడదు, ముందువారికి దొరికిన ఖాళీ మీరు చేరేసరికి మూసుకుపోయి ఉండవచ్చు.

బృందాన్ని మానుకోవద్దు. ముందు ఈ ఏర్పాటు గురించి మాట్లాడండి.

వెన్నెల దారి

తొలిపొద్దు గారూ, బృందం సంగతి కోలారు బాటసారి గారు చక్కగా చెప్పారు. మీ ప్రశ్నలోని రెండో భాగానికి, అంటే నైపుణ్యానికి, నేను సమాధానం చెబుతాను. నేను ముప్ఫై నాలుగేళ్ల వయసులో గేర్ల బండి నేర్చుకున్నాను. చిన్నప్పటి అలవాట్లు లేకపోవడం వల్ల ప్రతి విషయాన్నీ అడిగి, చదివి, సాధన చేసి నేర్చుకోవలసి వచ్చింది, అది నాకు మేలే చేసింది.

మామయ్య దగ్గర నేర్చుకున్నానని రాశారు. 1981లో అమెరికాలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడి బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో తొమ్మిది వందల మోటారుసైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి నివేదిక ఇచ్చింది. ప్రమాదానికి గురైనవారిలో 92 శాతం మంది సొంతంగానో, ఇంటివారి దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవారే. ఆపదలో చాలామంది వెనుక బ్రేకును అతిగా తొక్కి చక్రాన్ని జార్చారని, ముందు బ్రేకును చాలినంత వాడలేదని కూడా అందులో ఉంది. మీరు చేసినది సరిగ్గా అదే. అది మీ ఒక్కరి లోపం కాదు, నేర్పనిదే కాలికి తోచేది అదొక్కటే. నేర్చుకుంటే మారుతుంది.

సాధనకు బెంగళూరులో చోటు దొరకదని అనుకోవద్దు. ఊరి అంచున కొత్తగా వేసిన లేఅవుట్లలో రోడ్లు ఉంటాయి, ఇళ్లు ఇంకా రావు. అక్కడి కాపలాదారుతో మాట్లాడి, ఆదివారం ఉదయం ఒక గంట అనుమతి అడగండి. మా ఆయనా నేనూ సర్జాపుర వైపు అలాంటి రోడ్డు ఒకటి చూసుకున్నాం. హెల్మెట్, చేతి తొడుగులు, జాకెట్, చీలమండ కప్పే బూట్లు వేసుకునే సాధన చేయాలి, నెమ్మదిగానే కదా అని వదిలేయకూడదు. రోడ్డు మీద చిన్న రాళ్లు, ఇసుక ముందే ఊడ్చుకోండి.

ముగ్గు పిండితో రోడ్డుకు అడ్డంగా ఒక గీత గీయండి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో నిటారుగా వచ్చి, ముందు చక్రం గీతను తాకగానే రెండు బ్రేకులూ వేసి ఆగండి. దిగి, గీత నుంచి ఎన్ని అడుగులు నడిచారో లెక్కపెట్టి రాసుకోండి. ముందు బ్రేకును గుంజకూడదు, నిమ్మకాయను పిండినట్లు మొదట మెల్లగా పట్టుకుని, బరువు ముందుకు వచ్చి ముందు చక్రం నేలను అదిమినకొద్దీ గట్టిగా పిండాలి. ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. బరువు ముందుకు వెళ్లడంతో వెనుక చక్రం తేలికవుతుంది కాబట్టి వెనుక బ్రేకును కొద్దిగా ఎక్కువ తొక్కినా ఆ చక్రం జారుతుంది. మోకాళ్లతో ట్యాంకును బిగించి పట్టుకోండి, మోచేతులు వదులుగా ఉండాలి, చూపు దూరంగా ఉండాలి. బ్రేకు లివరు వైపు చూస్తే పడతారు. ముందు చక్రం బిగుసుకున్నట్లు అనిపిస్తే ఆ క్షణమే వేళ్లు సడలించాలి. మీ బండికి ఏబీఎస్ లేదు కనుక ఈ ఒక్క అలవాటు మీకు ప్రాణం. (మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి అయినది 2019 ఏప్రిల్ నుంచి. అయితే వంగిన బండి విషయంలో మామూలు ఏబీఎస్ పూచీ ఇవ్వదని, అది ఉన్నవారు కూడా గుర్తుంచుకోవాలి.)

30లో నమ్మకం కుదిరాక 40కి, ఆ తరువాత 50కి వెళ్లండి. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక ఆగే దూరం నాలుగు రెట్లవుతుందని అందరం పాఠాల్లో చదివాం, కానీ మీ అడుగులతో మీరే కొలిచినప్పుడు అది ఒంటికి పడుతుంది.

మలుపు సంగతి. బండి సుమారు 25 కిలోమీటర్లు దాటిన వేగంలో ఉన్నప్పుడు కుడికి తిరగాలంటే కుడి చేతి పిడిని ముందుకు నెట్టాలి. వినడానికి తలకిందులుగా ఉంటుంది. చక్రం ఒక్క క్షణం ఎడమకు తిరిగి, బండి కుడికి వాలుతుంది, వాలిన బండి కుడికి తిరుగుతుంది. మనమంతా తెలియకుండా చేస్తున్నది ఇదే, కానీ తెలిసి చేస్తే ఆపదలో చేతికి అందుతుంది. ఆ రోజు మీరు గోడ మీద నుంచి కన్ను తీసి, మలుపు అవతలి రోడ్డు వైపు తల తిప్పి, కుడి పిడిని ఇంకొంచెం నెట్టి ఉంటే ఆ బండి తిరిగే అవకాశమే ఎక్కువ. మన ధైర్యం ఎక్కడ ఆగిపోతుందో అక్కడికి ఇంకా కొంత అవతల దాకా బండి వాలగలదు. కన్ను ఎటు పోతే బండి అటు పోతుందన్నది నేను నేర్చుకున్న వాటన్నింటిలో గొప్ప పాఠం. గుంత కనబడితే గుంత పక్కన ఉన్న మంచి రోడ్డును చూడటం రోజూ ఆఫీసుకు వెళ్లే దారిలోనే సాధన చేయవచ్చు, దానికి కొండ ఎక్కనక్కరలేదు.

వేగం తగ్గించే పనంతా బండి నిటారుగా ఉండగానే, మలుపుకు ముందే పూర్తికావాలి. గేరు కూడా అప్పుడే మార్చుకోవాలి. దిగేటప్పుడు క్లచ్ నొక్కి జారనివ్వకండి, రెండో గేరులోనో మూడో గేరులోనో ఉంచితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కవు. కుడి మలుపులో మధ్య గీతకు దూరంగా, ఎడమవైపు ఉండి ప్రవేశించండి. అక్కడి నుంచి దూరం కనబడుతుంది. ఇంకొక కారణం కూడా ఉంది: కుడికి వాలినప్పుడు చక్రం గీతకు ఇవతలే ఉన్నా మన తల గీతకు అవతల, ఎదురు వచ్చే వాహనం దారిలో ఉంటుంది. ఎంత రోడ్డు కనబడుతుందో అంతలో ఆగగలిగే వేగమే మన వేగం.

మెల్లగా నడపడం కూడా సాధన చేయండి. రెండు నీళ్ల సీసాలు పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో కాలు దించకుండా తిరగండి. క్లచ్ సగం పట్టే చోట నిలిపి, ఆక్సిలరేటరు నిలకడగా ఉంచి, వెనుక బ్రేకును మాత్రమే కొద్దిగా అదిమి ఉంచితే బండి నిలకడగా ఉంటుంది. సీసాను చూడకండి, వెళ్లవలసిన చోటును చూడండి. మలుపుల్లో ధైర్యం వచ్చేది ఇక్కడే.

చెన్నపట్నం చక్రం

నేను చెన్నైలో ఉంటాను. పైవారు చెప్పిన సాధనతో ఏకీభవిస్తూనే ఒక మాట కలుపుతాను. సొంత సాధనలో మన తప్పు మనకు కనబడదు, ఎదుట ఒక గురువు ఉండి చూసి చెప్పడం వేరు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న రేసు ట్రాకులో కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూలు వారు శిక్షణ ఇచ్చారు. మట్టిదారిలో నేర్చుకోవాలనుకుంటే, చాలా కఠినమైన దూరప్రయాణ పోటీ అయిన డాకర్ ర్యాలీలో 2015లో పాల్గొని ఆ ఘనత సాధించిన తొలి భారతీయుడైన సి.ఎస్. సంతోష్ స్థాపించిన బిగ్‌రాక్ డర్ట్‌పార్క్ మీకు దగ్గరలోనే, కోలారు వైపు ఉంది. మట్టిలో చక్రం జారడం మెల్లని వేగంలోనే అలవాటవుతుంది కనుక, ఇసుక కనబడగానే బిగుసుకుపోయే భయం తగ్గుతుంది. ఖర్చు తక్కువేమీ కాదు. అయినా కొత్త సైలెన్సరు మీద పెట్టే డబ్బు ముందుగా శిక్షణ మీద పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

ఒక్క హెచ్చరిక. ట్రాకులో నేర్చుకున్న వేగాన్ని రోడ్డు మీదికి తేవద్దు. ట్రాకులో ఎదురుగా బస్సు రాదు, కోతి అడ్డంగా దూకదు.

తొలిపొద్దు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీ సమాధానాలను రెండుసార్లు చదివాను. వెన్నెల దారి గారు గోడ గురించి చెప్పిన మాట చదువుతుంటే ఆ క్షణం మళ్లీ కళ్లముందుకు వచ్చింది.

ఒక ఇబ్బంది ఉంది. మా బృందానికి ముందు నడిచేది వయసులో నాకంటే పన్నెండేళ్లు పెద్దవారైన అన్నగారు. ఈ సరదా మా అందరికీ అలవాటు చేసింది ఆయనే, నా బండి కొనిపెట్టినదీ ఆయనే. మీరు వేగంగా నడుపుతున్నారని ఆయనతో చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. నిజానికి ఆయన అతివేగంగా నడిపేవారు కూడా కాదు, ఆయనకు ఆ వేగం సులువు, నాకు కాదు. ఇంకొక సంగతి, దారిలో ఎవరికైనా ఏదైనా జరిగితే ఏం చేయాలో మాలో ఎవరికీ తెలియదని ఈ వారమే నాకు తట్టింది.

చివరి బండి

నేను మా బృందంలో ఎప్పుడూ స్వీప్‌గానే వెళ్తాను, కాబట్టి రెంటికీ నేను చెప్పడం న్యాయం.

అన్నగారికి తప్పు చెప్పవద్దు, జరిగినది చెప్పండి. "అన్నా, ఆ రోజు ఫోను రాలేదు, గోడకు కొట్టుకోబోయాను" అని ఒక్క వాక్యం చాలు. మిమ్మల్ని బండెక్కించిన మనిషి కాబట్టి ఆయన ఆ మాటను తేలికగా తీసుకోరు. మీరు దాచినంత కాలం, అందరూ బాగానే నడుపుతున్నారని ఆయన అనుకుంటూనే ఉంటారు, ఎందుకంటే ముందున్నవారికి వెనుక జరిగేది కనబడదు. చివర నడిచే నాకు కనబడేది ఆయనకు ఎన్నటికీ కనబడదు. మీరు చెబితే మరో ఇద్దరు కూడా నోరు విప్పుతారని నా నమ్మకం.

బయలుదేరేముందు పది నిమిషాలు ఇంజన్లు ఆపి మాట్లాడుకోండి. ఎక్కడ ఆగుతాం, ఎవరు లీడ్, ఎవరు స్వీప్, ఏ సైగకు ఏ అర్థం, ఎవరికి ఒంట్లో బాగాలేదు. చివరి ప్రశ్నతో పాటు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో కూడా నేను ప్రతి ఒక్కరినీ అడుగుతాను. మన ఊళ్లో శనివారం రాత్రి ఒంటిగంటకు పని ముగించి, రెండు గంటలు పడుకుని, నాలుగింటికి లేచి వచ్చేవారు ప్రతి బృందంలోనూ ఉంటారు. వెళ్లేటప్పుడు ఉత్సాహం వారిని నిలబెడుతుంది. టిఫిను తిన్నాక, ఎండ ఎక్కుతుండగా, తిరుగు ప్రయాణంలో సూటి రోడ్డు మీద కళ్లు మూతలు పడతాయి. నేను వెనుక నుంచి చూస్తుండగానే ఒక మిత్రుడి బండి రోడ్డు మధ్య దిమ్మె వైపు మెల్లగా, ఏ తొందరా లేకుండా జరిగిపోవడం చూశాను. హారను కొట్టగా మేలుకున్నాడు. అప్పటినుంచి అయిదు గంటల నిద్ర లేనివారిని మేము వెనక్కి పంపిస్తాం, వారు నొచ్చుకున్నా సరే. గంటకొకసారి ఆగి నీళ్లు తాగుతాం.

ఇక ప్రమాదం సంగతి. ముందుగా మీరు ప్రమాదంలో పడకండి. మీ బండిని రోడ్డు పక్కన పెట్టి, ఒకరిని వెనక్కి పంపి, వచ్చే వాహనాలకు దూరం నుంచే చేయి ఊపమనండి. పడిన బండి ఇంజను ఆపండి. 108కి గాని 112కి గాని ఫోను చేసి, ఏ రోడ్డు, ఏ కిలోమీటరు రాయి, ఎటువైపు వెళ్లే దారి అని చెప్పండి. జాతీయ రహదారి మీద 1033 కూడా పనిచేస్తుంది. పడినవారిని లేపి కూర్చోబెట్టడం, నోట్లో నీళ్లు పోయడం, హెల్మెట్ లాగేయడం మనవాళ్లు ప్రేమతోనే చేస్తారు, కానీ మెడకు దెబ్బ తగిలి ఉంటే అవి ప్రాణం తీయగలవు. ఊపిరి ఆడుతున్నంతవరకు హెల్మెట్ తీయకండి, రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. దారిన పోయే పరాయివారు గాయపడినా ఆగండి. సాయం చేసినవారిని కేసుల్లో ఇరికించకుండా 2019 సవరణలో మోటారు వాహనాల చట్టానికి 134ఎ సెక్షను చేర్చారు. ప్రతి ఒక్కరి జేబులో పేరు, రక్తం గ్రూపు, ఇంటివారి నంబరు రాసిన కాగితం ఉండాలి, ఎందుకంటే తాళం వేసిన ఫోను ఆ సమయంలో ఎవరికీ పనికిరాదు.

హెల్మెట్‌కు ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అన్న సంఖ్య ఉన్నాయో లేదో తొమ్మిది మందివీ మీరే చూడండి. గడ్డం కింద పట్టీ బిగించాక తలను వంచి, వెనుక నుంచి హెల్మెట్‌ను ముందుకు తోసి చూడండి. ఊడివచ్చిందంటే అది తల మీద ఉన్నా లేనట్లే.

తొలిపొద్దు

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

అన్నగారితో మాట్లాడాను. చివరి బండి గారు చెప్పిన వాక్యాన్నే చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తరువాత "ఆ రోజే చెప్పి ఉండాల్సింది రా" అన్నారు. అదే సాయంత్రం అందరినీ పిలిచారు. ఇంకో ఇద్దరు తమకూ ఘాట్‌లో భయమేస్తుందని అప్పుడే బయటపెట్టారు.

వైట్‌ఫీల్డ్ అవతల ఒక లేఅవుట్‌లో అనుమతి దొరికింది. మూడు ఆదివారాలు ముగ్గు పిండితో గీత గీసి సాధన చేశాను. మొదటిరోజు గంటకు 30 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి నా నడకలో పన్నెండు అడుగులు పట్టింది, అందులోనూ రెండుసార్లు వెనుక చక్రం జారింది. నిన్న ఎనిమిది అడుగుల్లో ఆగాను. 40 నుంచి ఇరవై అడుగులు పట్టేది, ఇప్పుడు పదిహేనుకు వచ్చింది. 50కి ఇంకా వెళ్లలేదు. ఎనిమిది అంకె తిరగడంలో ఎడమ వైపు బాగానే వస్తోంది, కుడి వైపు కాలు దిగుతోంది. ఆ రోజు తప్పబోయినదీ కుడి మలుపే కావడం గమనించాను.

మధ్యలో ఒక శనివారం కొత్త పద్ధతిలో లేపాక్షికి వెళ్లివచ్చాం. లీడ్ వెనుక రెండో బండి నాదే. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర రహదారి వదిలి ఎడమకు మళ్లే చోట నేను ఆగి నిలబడ్డాను. ఒక్కొక్కరూ నన్ను చూసి చేయెత్తి మళ్లుతుంటే, స్వీప్ వచ్చేదాకా అక్కడే ఉన్నాను. వీరభద్రాలయానికి చేరేసరికి ఎప్పటికంటే పదిహేను నిమిషాలు ఆలస్యమైంది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

నంది కొండకు మళ్లీ ఎప్పుడు వెళ్దామని అన్నగారు అడిగారు. వెనుక టైరు చూపించాను, మధ్యలో గాడులు అరిగి, టైరు మార్చాలని చెప్పే సూచిక గుర్తును తాకుతున్నాయి. ఈ శనివారం టైరు మార్పించి, 50 నుంచి ఆగడం కూడా కుదిరాక వస్తానని చెప్పాను. అప్పటిదాకా కొండ వద్దని ఆయనే అన్నారు. వచ్చే ఆదివారం మరో ఇద్దరు నాతో పాటు లేఅవుట్‌కు వస్తున్నారు. వెన్నెల దారి గారూ, ముగ్గురం ఒకేసారి సాధన చేసేటప్పుడు ఒకరి గీతకు ఇంకొకరి గీతకు మధ్య ఎంత ఎడం ఉంచాలో వీలైతే చెప్పగలరు.